బడి మానేసిన పాప పేరు రిజిస్టర్లో కొట్టేయకండి: ఒక కొత్త టీచర్‌కు సమాధానం

టీచర్ గారూ, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా మళ్లీ చెబుతాను. మీరు గద్వాల వైపు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో కొత్తగా చేరారు. బాలల హక్కుల మీద శిక్షణకు వెళ్లొచ్చారు. అక్కడ విన్నవన్నీ బాగానే ఉన్నాయి కానీ, తిరిగొచ్చాక రోజువారీ పనిలో వాటిని ఎలా పెట్టాలో తెలియడం లేదంటున్నారు. ఏడో తరగతి పాప ఒకరు సీడ్ పత్తిలో (విత్తనం కోసం పండించే పత్తిలో) క్రాసింగ్ పనులకు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనులకు వెళ్తూ బడికి రావడం మానేసింది. తల్లిదండ్రులేమో "నాలుగు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం" అంటున్నారు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేద్దామంటే ఊళ్లో మీ పేరు బయటపడుతుందేమోనని టెన్షన్. హెడ్మాస్టర్ గారు "మనకెందుకమ్మా" అంటున్నారు.

నేను చాలా ఏళ్లు కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బడి మానేసిన పిల్లలతో పనిచేశాను. తర్వాత ఒక జిల్లా బాలల సంక్షేమ సమితిలో (రక్షణ అవసరమైన పిల్లల కేసులు తేల్చే సమితి) సభ్యురాలిగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పిల్లల హక్కులు అనగానే మనకు పోలీసులు, దాడులు, టీవీలో ముఖం మసక చేసి చూపించే పిల్లలు గుర్తొస్తారు. కానీ మా సమితి ముందుకు వచ్చిన కేసులు చాలావాటిలో, అంతకు నెలల ముందే ఎవరో ఒక పెద్దమనిషి తన మామూలు ఉద్యోగంలో భాగంగా ఒక చిన్న పని చేసి ఉంటారు, లేదా చేయకుండా వదిలేసి ఉంటారు. ఒకరు హాజరు పట్టీలో పేరు కొట్టేశారు. ఒకరు టీసీ ఇవ్వకుండా తిప్పారు. ఒకరు అమ్మాయి వయసు అడక్కుండానే పెళ్లికి హాలు బుక్ చేసుకున్నారు. అక్కడే ఆ పని సరిగా జరిగి ఉంటే ఆ బిడ్డ మా దాకా రావాల్సిన అవసరమే ఉండేది కాదు. అందుకే మీరు అడిగిన ప్రశ్న నాకు చాలా విలువైనదిగా అనిపించింది. ఏదో పెద్ద ఉద్యమం చేయమని నేను చెప్పను. మీ రిజిస్టరు, మీ తరగతి గది, మీ నోటి మాట, ఈ మూడూ మీ చేతిలోనే ఉన్నాయి. వాటితోనే చాలా జరుగుతుంది.

చట్టం గురించి కావాల్సినంత వరకే చెబుతాను. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను 1989 నవంబరు 20న ఆమోదించింది. మన దేశం 1992 డిసెంబరులో అందులో చేరింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ బాలలే. ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చదివే పదహారేళ్ల పిల్లలు కూడా ఇందులోకే వస్తారు, వాళ్లను మనం తరచూ మరిచిపోతాం. ఇక చదువు సంగతి. ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల (సీటు కోసం అదనంగా గుంజే సొమ్ము) మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఒక పక్షం. ఆ కేసులోనే 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2002లో 86వ సవరణతో అది 21ఏ అధికరణగా రాజ్యాంగంలోకి వచ్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే మీ ఏడో తరగతి పాప బడిలో ఉండడం ఆమె తండ్రి దయా కాదు, మీ దయా కాదు. ప్రభుత్వం ఆమెకు బాకీ ఉంది, ఆ బాకీ తీర్చే ఉద్యోగంలో మీరున్నారు.

ఇప్పుడు ఆ పాప సంగతి.

క్రాసింగ్ పని ఎలా ఉంటుందో మీరు ఒకసారి చేనికి వెళ్లి చూడండి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని వెతికి, రేకులతో పాటు కేసరాలను గోటితో గిల్లి తీసేస్తారు. మధ్యలో ఉండే కీలాగ్రం మాత్రం దెబ్బ తినకూడదు. మర్నాడు పొద్దున్నే మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఒక్కో పువ్వుకూ ఆ పుప్పొడి చేత్తో రాస్తారు. ఆడపిల్లలు నడుము వంచి సాలు వెంట సాలు పోతుంటారు. అవే సాళ్లలో పురుగుమందు కొట్టి ఉంటుంది. పూత ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు కూడా ఆగడానికి లేదు, ఈ రోజు గిల్లకపోతే రేపు ఆ పువ్వు పనికిరాదు. అందుకే మధ్యలో పని మానేది లేదన్న మాట ముందే తీసుకుంటారు, దానికోసం అడ్వాన్సు ఇస్తారు. సీడ్ ఆర్గనైజరు (విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారి) రైతుకు అడ్వాన్సు, రైతు పాప తండ్రికి అడ్వాన్సు. ఆ గొలుసు చివర ఉన్నది పన్నెండేళ్ల పిల్ల.

"చిన్న వేళ్లకే ఆ పని కుదురుతుంది" అని ఊళ్లో చెబుతారు, మీరు నమ్మకండి. పెద్దవాళ్లు చేసిన చోట కూడా విత్తనం చక్కగా పండుతోంది. పిల్లల్ని పెట్టుకునేది కూలి తక్కువ కాబట్టి, ఎదురు చెప్పరు కాబట్టి.

2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం స్పష్టంగా ఉంది. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఒక మినహాయింపు ఉంది, మీ ఊళ్లో దాన్నే ముందు చెబుతారు: సొంత కుటుంబం పనిలో, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ, ప్రమాదం లేని పనిలో సాయం చేయవచ్చు. "మా మామ చేనే కదా" అంటారు. ఎవరి చేనైనా సరే, బడి వేళల్లో పాప అక్కడ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. పుప్పొడి రాసే పని పొద్దున మొదలై బడి గంట కొట్టాక కూడా సాగుతుంది. ఆ ఒక్క విషయం దగ్గర నిలబడండి చాలు, మిగతా వాదనలోకి దిగనక్కర్లేదు.

పాప తండ్రితో మాట్లాడేటప్పుడు మాత్రం శిక్షల గురించి ఎత్తకండి. తల్లిదండ్రులకు మొదటిసారి తప్పుకు శిక్ష కూడా లేదు. ఆయనకు తన బిడ్డ మీద ప్రేమ లేదని అనుకోవడం చాలా పెద్ద పొరపాటు. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990లలో ఊరూరా తిరిగి పిల్లల్ని పనిలోంచి బడికి తెచ్చినప్పుడు అందరికంటే ముందు పక్కన పెట్టింది "పేదవాళ్లు పిల్లల్ని చదివించుకోలేరు" అన్న మాటనే. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఎంత పేద తల్లిదండ్రులైనా పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారు అన్నది వాళ్ల పునాది. ఆ పని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, తర్వాత ఆవిడే జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. నేను పల్లెల్లో చూసింది కూడా ఇదే. చాలా ఇళ్లలో ఒక్క గట్టి కారణం దొరికితే చాలు, రైతుకు "పంపను" అని చెప్పడానికి తండ్రి సిద్ధంగా ఉంటాడు. ఆ కారణం మీరు అవ్వాలి. "టీచరమ్మ రోజూ ఇంటికొస్తోంది, రిపోర్టు పంపుతుందట" అని ఆయన రైతుకు చెప్పుకోగలగాలి.

ఒంటరిగా వెళ్లకండి. క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను (చుట్టుపక్కల బళ్లను చూసే విద్యాశాఖ మనిషి), అంగన్‌వాడీ టీచర్‌ను, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న మహిళాసంఘం ఆమెను వెంట తీసుకెళ్లండి. సాయంత్రం, అందరూ చేను నుంచి వచ్చాక వెళ్లండి. పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, ఆమె గురించి ఆమె లేకుండా మాట్లాడకండి. అడ్వాన్సు ఎంత, ఎవరికి కట్టాలి, ఏ నెల దాకా అన్నది తెలుసుకోండి. అది తెలియకుండా "బడికి పంపండి" అని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపుతారు, పంపరు. ఇంట్లో ఉంటే మళ్లీ పనికే పోతుందనిపిస్తే కస్తూర్బా విద్యాలయం గురించి చెప్పండి, ఆరో తరగతి నుంచి అక్కడ ఉండి చదువుకునే వీలుంది. ఇల్లు విడిచి వెళ్లడం పాపకు ఇష్టమేనా అన్నది అడగడం మరిచిపోవద్దు.

రిజిస్టరు సంగతి ముఖ్యం. ఆ పాప పేరు కొట్టేయకండి. చాలా రోజులు రాకపోతే పేరు తీసేయడం మన బళ్లలో అలవాటైపోయింది. పేరు పోయిందంటే కాగితం మీద ఆ పిల్ల లేనట్టే, ఆమె కోసం ఎవరూ వెతకరు. మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లడం, వెళ్లినట్టు తేదీ వేసి రాయడం, వారం దాటితే ఎంఈవోకు (మండల విద్యాధికారికి) రాతపూర్వకంగా తెలపడం, నకలు మీ దగ్గర ఉంచుకోవడం. ఇది మీరు మీ తరగతి వరకు నియమంగా పెట్టుకోండి. పిల్లల ప్రవేశం, హాజరు, చదువు పూర్తి చేయడం చూసుకునే బాధ్యతను విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ స్థానిక సంస్థ మీద కూడా పెట్టింది. కాబట్టి పంచాయతీ కార్యదర్శికి ఒక కాపీ ఇస్తే మీరేదో అదనంగా చేసినట్టు కాదు. పాప తిరిగొచ్చాక పాఠాల్లో వెనకబడిందని కింది తరగతిలో కూర్చోబెట్టకూడదు. వయసుకు తగ్గ తరగతిలో ఉంచి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని అదే చట్టం 4వ సెక్షన్ చెబుతోంది.

ఇక కొట్టడం గురించి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బళ్లలో దండన నిషేధించారు. తర్వాత విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహదండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. తల్లిదండ్రులు అనుమతి ఇచ్చారు కదా అంటే, ఇవ్వడానికి వాళ్లకు ఆ అధికారం లేదు. దెబ్బలు తినేది వాళ్లు కాదు. నేను ఇంకొంచెం ముందుకెళ్లి చెబుతాను. దెబ్బ కంటే ఎక్కువ కాలం పిల్లల్లో నిలిచేది అందరి ముందూ అన్న మాట. "నీ మొహానికి చదువెందుకు", "మీ అయ్యలాగే గొర్లు కాసుకో", లెక్క రాని పిల్లను బోర్డు ముందు నిలబెట్టి మిగతావాళ్లతో నవ్వించడం. బడి మానేసిన పిల్లల్ని ఎందుకు మానేశారని అడిగితే పేదరికం గురించి చెప్పేది పెద్దవాళ్లు. పిల్లలు చెప్పేది ఇలాంటి ఒక రోజు గురించి. ఆ తేదీ, ఆ సారు, ఆ మాట అక్షరం పొల్లుపోకుండా చెబుతారు.

తల్లిదండ్రులు వచ్చి కొట్టమన్నప్పుడు వాళ్లను కించపరచకుండా ఇలా అనండి: "మీ పిల్లవాడు బాగుపడాలనే మీరు అడుగుతున్నారు, నాకు అర్థమైంది. కొడితే వాడు నాకు భయపడతాడు, లెక్కలు రావు. వారానికొకసారి మీరు బడికి రండి, ఏం వచ్చిందో ఏం రాలేదో ఇద్దరం చూద్దాం." చాలామంది రారు. వచ్చిన కొద్దిమందితో మాత్రం ఊళ్లో మాట మారడం మొదలవుతుంది.

శిక్షణల్లో సాధారణంగా చెప్పని ఒక విషయం చెబుతాను: పుట్టిన తేదీ. మన ఊళ్లలో జూన్ నెలలో పుట్టినవాళ్లు ఎందుకంత మంది ఉన్నారో మీకు తెలుసు. బడిలో చేర్చేటప్పుడు టీచరు పిల్లను ఎగాదిగా చూసి, ఐదేళ్లు నిండేలా ఒక జూన్ తేదీ వేసేస్తారు. జనన ధ్రువపత్రం లేదని ప్రవేశం నిరాకరించకూడదు, అది చట్టమే, అందులో మార్పు లేదు. కానీ ఆ తేదీని అంత తేలిగ్గా వేయకండి. జువెనైల్ జస్టిస్ చట్టం (బాలల న్యాయ చట్టం) 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చాల్సి వస్తే ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతేనే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే వైద్య పరీక్ష. మీరు అంచనాగా వేసిన ఒక్క ఏడాది తేడా, పదేళ్ల తర్వాత ఆ పిల్ల పెళ్లిని ఆపగలమా లేదా, ఆమె మీద జరిగింది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కిందకు వస్తుందా రాదా అన్నది తేల్చేస్తుంది. అంగన్‌వాడీ రికార్డు, టీకాల కార్డు, ఆసుపత్రి డిశ్చార్జి చీటీ, ఏదో ఒకటి తెప్పించుకుని చూసి రాయండి. వయసు పెంచి రాయమని, దిద్దమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. కళ్యాణలక్ష్మి డబ్బు అమ్మాయికి 18 నిండితేనే వస్తుంది. ఆ నిబంధన వల్ల కొన్ని ఇళ్లలో పెళ్లి ఆగుతుంది, కొన్ని ఇళ్లలో వయసు దిద్దించే ప్రయత్నం జరుగుతుంది.

పెళ్లిళ్ల గురించి అడగలేదు కానీ మీ ప్రాంతంలో ఇది కూడా మీ ముందుకు వస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. పెళ్లి మాట బడిలో ముందే తెలిసిపోతుంది. పిల్ల ఉన్నట్టుండి మౌనంగా అయిపోతుంది, లేదా స్నేహితురాళ్లు "దానికి చూస్తున్నారు మేడమ్" అని గుసగుసగా చెబుతారు. ఆ గుసగుసను పట్టించుకోండి. శుభలేఖలు పంచాక ఆపడం అందరికీ అవమానంగా మారుతుంది, మాట కలవకముందు ఆపడం తేలిక. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పెళ్లి చేయించినవాళ్లకూ, ప్రోత్సహించినవాళ్లకూ 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కో, ఆమె పై అధికారి సీడీపీవోకో చెబితే వాళ్లు వెళ్లి మాట్లాడతారు. వినకపోతే మెజిస్ట్రేట్ దగ్గర పెళ్లి ఆపే ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఒకసారి ఆగిన పెళ్లి ఇంకో ఊళ్లో, బంధువుల ఇంట్లో జరుగుతుంటుంది. కాబట్టి ఆపిన తర్వాత రోజు నుంచి పిల్ల బడికి వస్తోందా లేదా చూడడం మీ వంతు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన సంగతి. ఏదో ఒక రోజు ఒక పిల్ల మీ దగ్గరకు వచ్చి, తనకు ఎవరో చెడుగా చేశారని చెబుతుంది. నేరుగా చెప్పదు. "మేడమ్, నేను మా బాబాయి వాళ్లింటికి పోను" అంటుంది, లేదా "మా ఫ్రెండుకు ఇట్లా అయింది" అంటుంది. ఆ క్షణంలో మీ ముఖం ఎలా ఉందో ఆ పిల్ల చూస్తుంది. మీరు ఉలిక్కిపడితే ఆగిపోతుంది. చేతిలో పని పక్కన పెట్టి, నలుగురికీ కనబడే చోటే కానీ వినబడని దూరంలో కూర్చోండి. చెప్పనివ్వండి. మీ అంతట మీరు ప్రశ్నలు వేయకండి. "వాడు ఇక్కడ ముట్టుకున్నాడా" లాంటి ప్రశ్న అస్సలు వద్దు, మీ మాటను పిల్ల నోట్లో పెట్టినట్టు అవుతుంది. "తర్వాత?" అన్న ఒక్క మాట చాలు. ఎవరికీ చెప్పనని ఒట్టేయమంటే వేయకండి. "నువ్వు నాకు చెప్పి మంచి పని చేశావ్, ఇందులో నీ తప్పు ఏమీ లేదు, నీకు సాయం చేసేవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి. పిల్ల వెళ్లాక, ఆమె వాడిన మాటల్నే, భాష దిద్దకుండా, తేదీ, సమయం వేసి రాసుకోండి.

ఆ తర్వాత మీకు వేరే దారి లేదు, ఉండకూడదు కూడా. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు, సంస్థ బాధ్యులకైతే ఏడాది దాకా. హెడ్మాస్టర్ గారు మళ్లీ "మనకెందుకమ్మా" అంటే ఆ రెండో మాట ఆయనకు మర్యాదగా గుర్తుచేయండి. నిజమేనా కాదా అని మీరు విచారణ చేయనక్కర్లేదు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని ఆ సెక్షనే అంటోంది. నిందితుణ్ణి పిలిచి అడగకండి, పెద్దమనుషుల పంచాయితీకి అసలే వద్దు. నేను చూసిన అతి పెద్ద అన్యాయాలు ఆ పంచాయితీల్లోనే జరిగాయి. పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, చేసినవాడి ముందే మళ్లీ మళ్లీ చెప్పించి, చివరికి ఇంత సొమ్మని రాజీ చేస్తారు. పోలీసుల దగ్గర ఏం జరగాలో కూడా తెలుసుకోండి, ఆ కుటుంబానికి మీరే ధైర్యం చెప్పాల్సి వస్తుంది. పిల్ల వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి, పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండాలి.

1098 మీద మీ భయం సహజమే. ఆ నంబరు రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు, ఫోన్ చేసినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచుతారు. అయినా చిన్న ఊళ్లో ఎవరు చెప్పి ఉంటారో ఊహించుకుంటారన్నది నిజం, దాన్ని నేను కాదనను. అందుకే ముందు నుంచీ ప్రతి పిల్ల విషయంలో ఇంటికి వెళ్లడం, రాసిపెట్టడం మీ అలవాటైతే, ఆ ఒక్క ఇంటి మీదే పగబట్టి చేశారని ఎవరూ అనలేరు. ఫోన్ తర్వాత పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తెస్తే భయపడకండి. అది జైలు కాదు. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు, మెజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు ఉంటాయి, పిల్లకు ఏది మేలో అది తేల్చడమే వాళ్ల పని. చాలాసార్లు ఆ మేలు తిరిగి ఇంటికి పంపడమే అవుతుంది.

ఇక తరగతి గది లోపల. పొద్దున్నే ఊడ్చేది ఎవరో గమనించండి. ఆడపిల్లలు ఊడుస్తారు, మగపిల్లలు బంతి ఆడతారు. మరుగుదొడ్డి కడగమంటే ఏ వాడ పిల్లల్ని పిలుస్తున్నారో చూడండి. మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పళ్లెం ఎవరికి దూరంగా ఉందో చూడండి. ఇవేవీ ఫిర్యాదులుగా ఎప్పటికీ రావు, ఎందుకంటే పిల్లలు కూడా అదే పద్ధతి అనుకుంటారు. వంతుల చార్టు ఒకటి గోడకు పెట్టి, అందరి పేర్లూ వరసగా రాసి, ఆ వంతుల్లో మీ పేరూ పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. డ్రిల్ పీరియడ్‌ను లెక్కలకు వాడుకోకండి. ఆట కూడా బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణలో ఉన్న హక్కే.

పిల్లల మాట వినడానికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటి చెబుతాను. పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి బడి పటం గీయమనండి: గదులు, చెట్టు, బోరింగు, గేటు, దారి, కిరాణా కొట్టు. ఇష్టమైన చోట్లకు పచ్చరంగు, వెళ్లబుద్ధి కాని చోట్లకు ఎరుపు వేయమనండి. ఆడపిల్లల గుంపు వేరుగా ఉండాలి. పేర్లు రాయనక్కర్లేదు. ఒక బడిలో ఆడపిల్లల గుంపులన్నీ ఒకే చోట ఎరుపు వేశాయి, అది మరుగుదొడ్డి. లోపల గొళ్లెం లేదు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. పెద్ద తరగతి ఆడపిల్లలు నెలలో కొన్ని రోజులు ఎందుకు రావడం లేదో అంతకుముందు టీచర్లు ఎన్నో కారణాలు చెప్పారు, గొళ్లెం మాట మాత్రం ఎవరూ అనలేదు. మర్నాడే వడ్రంగి వచ్చి బిగించాడు. పిల్లలు చెప్పింది వెంటనే జరిగితే, రేపు ఇంకా పెద్ద విషయం చెప్పడానికి వాళ్లకు ధైర్యం వస్తుంది.

ఫొటోల విషయంలో కొంచెం కఠినంగా చెబుతున్నాను, మన్నించండి. బూట్లు పంచినా పుస్తకాలు పంచినా పిల్లల్ని వరసలో నిలబెట్టి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే అలవాటు మానుకుందాం. పనిలోంచి తెచ్చిన పిల్ల, వేధింపుకు గురైన పిల్ల విషయంలోనైతే పేరు, ఫొటో, బడి, ఊరు, ఏ ఆనవాలూ బయటపెట్టకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద అది నేరం, 6 నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మీరూ మీ ప్రశ్నలో పాప ఇంటిపేరు, తండా పేరు రాశారు, దయచేసి అవి తీసేయండి.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఊరి నుంచి తెచ్చుకున్న అమ్మాయితో ఇంటి పని చేయిస్తూ "మా పిల్లలాగే చూసుకుంటున్నాం, చదివిస్తాం కూడా" అనేవాళ్లను మనందరం చూశాం. ఆ పిల్ల ఏ బడిలో, ఏ తరగతిలో ఉందని అడగండి. మీ ఇంట్లోనే ఉంటే మీరే జవాబు చెప్పుకోండి. 14 ఏళ్లలోపు అమ్మాయైతే అది నేరం, మీ ఇంటి పిల్లల పాత గౌన్లు ఇచ్చినా సరే.

చివరగా, మీరు అన్నీ చేసినా పైనుంచి కదలిక లేకపోతే ఏం చేయాలి? ఎంఈవో తర్వాత డీఈవో (జిల్లా విద్యాధికారి), జిల్లా బాలల పరిరక్షణ విభాగం. అక్కడా కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తెల్లకాగితం మీద అర్జీ రాయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, విద్యాహక్కు చట్టం అమలును పర్యవేక్షించే బాధ్యత 31వ సెక్షన్ కింద కమిషన్‌దే. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీ, స్టాంపు వేయించుకున్న నకలు ఉంచుకోండి. పిల్లలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. అర్జీ ఎలా రాయాలో తెలియకపోతే అక్కడి పారా లీగల్ వలంటీర్లు దగ్గరుండి రాసిపెడతారు. పాప తండ్రికి అడ్వాన్సు తిరిగి కట్టమని రైతు ఒత్తిడి తెస్తే, ఆ విషయం కూడా వాళ్ల దగ్గరే అడగండి.